బురదలో నిలబడిన కావలి

సెలవులు దగ్గరపడగానే మన ఇళ్లలో ప్రయాణాల ముచ్చట మొదలవుతుంది. పిల్లలు సముద్రతీరం అంటారు, పెద్దలు బంధువుల ఊరు అంటారు, మరికొందరు కొండలనూ కోటలనూ తలుస్తారు. బురద చూసి వద్దామనే ఇల్లు మాత్రం మాకెక్కడా తారసపడలేదు. ఈ నెల మేము పాఠకులను బురద చూడడానికే ఆహ్వానిస్తున్నాము. కాకినాడ సమీపాన, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి మడ అడవుల బురద అది. ఆ బురద మీద నిలబడి ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మహారాష్ట్రలో నాసిక్ సమీపాన త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి తూర్పు తీరానికి చేరుతుంది. ధవళేశ్వరం దాటిన పిమ్మట గౌతమి, వశిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి విడివడిన చిన్న పాయలు కొన్ని కాకినాడ అఖాతం వైపు సాగుతాయి. నది మోసుకువచ్చిన ఒండ్రుమట్టి అక్కడ పరుచుకుంటుంది. ఆ మెత్తని నేలలోనే మడ అడవి పెరిగింది. 1978లో ప్రభుత్వం దీనిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో అటవీశాఖ వారు సందర్శకుల కొరకు చెట్ల నడుమ చెక్కబాట నిర్మించారు. బాట సమతలంగా సాగుతుంది కనుక వృద్ధులు కూడా నెమ్మదిగా నడవగలరు.

ఇక్కడి నీరు పూర్తిగా మంచినీరు కాదు, పూర్తిగా ఉప్పునీరు కాదు. నది తెచ్చిన తీపి, సముద్రం తెచ్చిన ఉప్పు రోజుకు రెండుమార్లు పోటుతో కలిసి, ఆటుతో విడిపోతుంటాయి. దివ్య ఖుర్‌ఆన్ ఫుర్ఖాన్, రహ్మాన్ సూరాలలో రెండు జలాల కలయికను అల్లాహ్ సూచనగా ప్రస్తావిస్తుంది. ఆ సూరాలను పఠించే ఇంటి పిల్లలకు అటువంటి చోటును కంటితో చూపించడం మంచి విద్యాభ్యాసమే.

సాధారణ వృక్షమేదైనా ఈ నేలలో నాటితే కొద్ది రోజులలోనే ఎండిపోతుంది. బురదలో గాలి ఆడదు, నీటిలో ఉప్పు ఎక్కువ, నేల నిలకడగా ఉండదు. ఈ మూడు కష్టాలకూ మడ జాతులు మూడు విధాల సమాధానం చెబుతాయి. మడ చెట్టు చుట్టూ బురదలోనుంచి పెన్సిళ్ల వంటి సన్నని వేళ్లు వందల కొలదిగా పైకి పొడుచుకువచ్చి ఉంటాయి. అవి శ్వాసవేళ్లు. లోపలి వేళ్లకు అందని గాలిని అవి పైనుంచి తీసుకుంటాయి. ఆ చెట్టు పీల్చుకున్న ఉప్పును ఆకుల ద్వారా బయటకు పంపుతుంది. ఎండ వేళ ఆకు మీద తెల్లని పొడి కనిపిస్తే అది ఉప్పే. ఉప్పుపొన్న జాతి చెట్టు కాండం నుంచి వంపు తిరిగిన వేళ్లను నలువైపులా దింపి, గుడారానికి తాళ్లు కట్టినట్టు తనను తాను నిలబెట్టుకుంటుంది. దాని విత్తనం తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, పొడవాటి కాయవలె వేలాడి, సిద్ధమైన తరువాతనే రాలుతుంది. బిడ్డను అలలకు అప్పగించే ముందు తల్లి ఇంతగా పెంచి పంపుతుంది. తిల్ల చెట్టును మాత్రం పిల్లలు తాకకుండా చూడాలి. దాని పాలు కంటిలో పడితే చూపునకు ప్రమాదం.

ఆటు సమయాన బురద ఒక బజారువలె సందడిగా ఉంటుంది. ఒక పిడికిలి మాత్రం పెద్దదిగా ఉన్న చిన్న ఎండ్రకాయలు దానిని ఆడిస్తూ ఒకదానికొకటి సైగలు చేసుకుంటాయి. ఉబ్బిన కళ్లు గల చిన్న చేపలు నీరు విడిచి బురద మీద గెంతుతుంటాయి. కొంగలు, లకుముకి పిట్టలు, నీటికాకులు తమ తమ స్థానాలలో కనిపెట్టుకుని ఉంటాయి. శీతకాలంలో దూరదేశాల పక్షులు కూడా వచ్చి చేరతాయి. అదృష్టం ఉంటే నీటికుక్కల గుంపు పాయను ఈదుతూ కనిపిస్తుంది. ఈ అడవికి గుర్తింపు తెచ్చిన జంతువు నీటిపిల్లి. బావురుపిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లి నీరంటే దూరం జరుగుతుంది గదా, ఇది నీటిలోకి దూకి చేపలను పట్టి బ్రతుకుతుంది. ఎక్కువగా రాత్రివేళ సంచరిస్తుంది కనుక సందర్శకులకు కనబడడం అరుదు. అది కనబడనందుకు పిల్లలు నిరాశపడనక్కరలేదు. మన కంట పడకుండా బ్రతకగల చోటు దానికి ఇంకా మిగిలి ఉండడమే శుభవార్త.

అఖాతానికీ సముద్రానికీ నడుమ హోప్ దీవి ఉంది. దీవి అనే పేరే గానీ అది గోదావరి ఇసుకతో ఏర్పడిన పొడవాటి తిన్నె. గత రెండు శతాబ్దాలలోనే అది నేటి రూపు దాల్చింది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. సముద్రపు అలల తాకిడిని అది ముందుగా తన మీద తీసుకుంటుంది, అందువలననే దాని వెనుకనున్న కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంటుంది. ప్రతి ఏటా శీతకాలం చివరలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి.

కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులను ఈ చెక్కబాట మీద నడిపిస్తున్నప్పుడు ఒక బాలుడు ప్రశ్నించాడు. "హజ్రత్, ఈ చెట్లకు తినడానికి పండ్లు లేవు. కలప చూస్తే వంకరగా ఉంది. కూర్చోవడానికి కింద నేల కూడా లేదు. ఇవి ఎందుకండీ?" ఆ ప్రశ్న ఆ బాలునిది మాత్రమే కాదు. తీరప్రాంతంలో భూములు కొలిచినవారు, కొన్నవారు, అమ్మినవారు తరతరాలుగా వేసుకున్న ప్రశ్న అదే. వారిలో పెక్కుమంది చెప్పుకున్న సమాధానం, ఇది బీడు అని. మేము ఆ బాలునికి చెట్ల గురించి గాక, ముందుగా ఊరి గురించి చెప్పాము.

కోరంగి నేడు చిన్న ఊరు. ఒకప్పుడు అది పేరు మోసిన రేవు. అక్కడ ఓడలు నిర్మించేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. బర్మాకు, మారిషస్‌కు వలస వెళ్లిన తెలుగువారు ఎందరో ఈ రేవునుంచే ఓడ ఎక్కారు. అందుచేతనే బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. పరాయి దేశంలో ఒక జాతికే పేరు ఇచ్చిన ఊరు ఇది.

ఆ ఊరిని సముద్రం రెండుమార్లు ముంచింది. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు మహాతరంగాలు ఒకదాని వెంట ఒకటి ఊరిపై పడ్డాయని పాత నావికా గ్రంథాలు వర్ణించాయి. యాభై ఏళ్ల తరువాత, 1839 నవంబరు 25న మరొక ఉప్పెన వచ్చింది. దాదాపు 40 అడుగుల ఎత్తున నీరు లేచిందని నాటి కథనాలు చెప్పాయి. ఓడలూ పడవలూ కొట్టుకుపోయాయి. మృతుల సంఖ్యను వేల నుంచి లక్షల వరకు వేర్వేరుగా చెబుతారు. లెక్క ఏదైనా, ఆ రేవు మరల తన పూర్వ వైభవాన్ని చూడలేదు. కలకత్తాలో తుఫానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్‌టన్ అనే ఆంగ్లేయుడు తన రచనలలో కోరంగి విపత్తును వివరించాడు. 'సైక్లోన్' అనే మాటను గ్రీకు భాష నుంచి తీసుకుని ప్రపంచానికి ఇచ్చినవాడు ఆయనే. పాము చుట్ట అనే భావం ఆ మాటలో ఉంది.

ఇది కోరంగికి మాత్రమే పరిమితమైన కథ కాదు. గోల్కొండ పాలకుల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు బయలుదేరిన మచిలీపట్నాన్ని 1864 నవంబరు 1న ఉప్పెన ముంచెత్తింది, సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనను తలుచుకుని నేటికీ కన్నీరు పెట్టే కుటుంబాలు మన పాఠకులలోనే ఉన్నాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చి, వేయిమందికి పైగా ప్రాణాలు తీసింది. నవంబరు నెల పేరు వింటేనే మన తీరం ఉలిక్కిపడడానికి కారణాలు ఇవి.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వద్దాము. ఉప్పెన నీరు భూమి మీదకు దూసుకువస్తున్నప్పుడు దాని బలాన్ని తగ్గించేది దాని దారిలోని అడ్డంకి. వేలాది వేళ్లు, కాండాలు, కొమ్మలు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా నీటి వేగాన్ని హరిస్తాయి. 1999 అక్టోబరులో ఒడిశాను తాకిన మహాతుఫాను తరువాత పరిశోధకులు కేంద్రపడ జిల్లాలోని కొన్ని వందల గ్రామాలను పరిశీలించారు. సముద్రానికీ గ్రామానికీ నడుమ మడ అడవి ఎంత వెడల్పుగా మిగిలి ఉంటే అక్కడ మరణాలు అంత తక్కువగా ఉన్నాయని తేలింది. ముందుగా అందిన హెచ్చరిక అంతకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా ఆ పరిశోధకులే చెప్పారు. ఈ రెండవ మాటను దాచకూడదు. అడవి ఉంది గదా అని హెచ్చరికను పెడచెవిన పెట్టేవాడు, హెచ్చరిక వస్తుంది గదా అని అడవిని నరికేవాడు, ఇద్దరూ తమవారిని ప్రమాదంలోకి నెట్టినవారే. ఎంతటి అడవైనా 40 అడుగుల నీటిని పూర్తిగా ఆపలేదు. అయితే ఒక ఇంటి గోడ కూలడానికీ నిలవడానికీ, ఒక తల్లి బిడ్డతో మిద్దె ఎక్కగలగడానికీ ఎక్కలేకపోవడానికీ మధ్య తేడా కొన్ని అడుగుల నీరే.

పైగా ఈ అడవి తుఫాను రోజున మాత్రమే పనిచేసేది కాదు. రాలిన మడ ఆకు బురదలో కుళ్లి చిన్న ప్రాణులకు ఆహారమవుతుంది. ఆ ప్రాణులను తిని రొయ్యపిల్లలు, చేపపిల్లలు, పీతలు వేళ్ల చాటున పెరుగుతాయి. పెద్దవై సముద్రంలోకి వెళ్లిన తరువాత జాలరి వలలో పడతాయి. అడవి లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని జాలరి కూడా అడవి పెట్టిన అన్నమే తింటున్నాడు.

మరి ఇంత మేలు చేసే అడవికి కీడు ఎక్కడి నుంచి వచ్చింది? పూర్వం కలప కొరకు మడ అడవులను వంతుల వారీగా నరికివేసేవారు. నీడ పోయిన బురద ఎండకు ఎండి కుంగింది. ఆ పల్లాలలో పోటు నీరు నిలిచిపోయి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. ఆ నేలలో మరల మొక్క మొలవలేదు. తరువాత రొయ్యల చెరువులు వచ్చాయి. 1990ల ప్రాంతంలో తీరమంతటా వాటి విస్తరణ ఎంత వేగంగా సాగిందంటే, విషయం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలోని చెరువులపై 1996 డిసెంబరులో ఆ న్యాయస్థానం కఠినమైన తీర్పు ఇచ్చింది. ఇక ఎగువన కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతున్నందున డెల్టాకు చేరే మట్టి మునుపటికన్నా తగ్గింది. మట్టితో పుట్టిన నేలకు మట్టి అందకపోతే సముద్రం దానిని కోయడం మొదలుపెడుతుంది.

రొయ్యల ప్రసక్తి వచ్చింది కనుక ఒక మాట. హనఫీ ధర్మశాస్త్రంలో రొయ్య చేపల కోవకు చెందుతుందా, చెందదా అనే విషయమై పండితులలో భేదాభిప్రాయం ఉంది. అందుచేత రొయ్య తినవచ్చునా అని మమ్మల్ని అడిగేవారు ఏడాది పొడుగునా ఉంటారు. ఆ రొయ్య పెరిగిన చెరువు ఎక్కడిది, ఆ చెరువు తవ్వడానికి ముందు అక్కడ ఏమి ఉండేది, దాని మురుగునీరు ఎవరి పొలంలోకి పోతున్నది అని అడిగినవారు మాత్రం ఇంతవరకు ఒక్కరూ రాలేదు. పళ్లెంలోని వస్తువు గురించి అడిగే మనము అది పళ్లెంలోకి వచ్చిన దారి గురించి కూడా అడగవద్దా? ఇతరులకు హాని కలిగించరాదన్నది మన ధర్మశాస్త్రపు మూలసూత్రాలలో ఒకటి. పొరుగువాని బావిని ఉప్పగా మార్చే సంపాదనకు ఆ సూత్రం వర్తించదా? నియమాలు పాటించి, అడవిని తాకకుండా, మురుగును శుద్ధిచేసి రొయ్యలు పెంచే రైతులు కూడా ఉన్నారు. వారి శ్రమను మేము తక్కువ చేయడం లేదు. అడగవలసిన ప్రశ్నను అడగమని మాత్రమే కోరుతున్నాము.

అభయారణ్యం అనే భావన మనకు పరాయిది కాదు. సమాజ హితం కొరకు కొంత భూమిని ప్రత్యేకించి కాపాడడాన్ని అరబీ భాషలో 'హిమా' అంటారు. దైవప్రవక్త (సల్లం) మదీనా సమీపంలోని నఖీ ప్రాంతాన్ని ఆ విధంగా ప్రత్యేకించారు. మదీనా పరిసరాలలో చెట్లు నరకడాన్నీ వేటాడడాన్నీ నిషేధించారు. బావులకూ కాలువలకూ చుట్టూ విడిచిపెట్టవలసిన స్థలాన్ని ధర్మవేత్తలు 'హరీమ్' పేరిట చర్చించారు. వీటన్నింటిలోనూ మా మనసుకు హత్తుకున్నది హజ్రత్ ఉమర్ (రజి) కాలపు వృత్తాంతం. హిమా కాపలాకు నియమించిన వ్యక్తికి ఆయన ఒక ఆదేశం ఇచ్చారు. కొద్దిపాటి మేకలూ ఒంటెలూ మాత్రమే ఉన్న పేదలను లోపలికి రానివ్వమన్నారు. సంపన్నులైన ప్రముఖ సహాబాల మందల విషయంలో మాత్రం జాగ్రత్త వహించమన్నారు. సంపన్నుల పశువులు చనిపోయినా వారికి తోటలూ పొలాలూ ఉన్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతడు పిల్లలను వెంటబెట్టుకుని పాలకుని వాకిట నిలబడవలసి వస్తుంది. అదీ ఆయన వివరించిన కారణం.

ఈ వృత్తాంతాన్ని కోరంగికి అన్వయించి చూడండి. ఎండుపుల్లలు ఏరుకునే స్త్రీ, పీతలు పట్టుకునే జాలరి, గేదెకు మడ ఆకు కోసుకునే రైతు కూడా అడవిని వాడుకుంటారు. ఎకరాల కొద్దీ గట్లు వేసి చెరువులు తవ్వించేవారూ వాడుకుంటారు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయడం న్యాయం కాదు. అడవి కావాలి గనుక పేదవాడు పస్తుండాలన్నా, పేదవాని పేరు చెప్పి ధనవంతుడు అడవిని కబళించాలన్నా అది న్యాయం అనిపించుకోదు. అదృష్టవశాత్తు కోరంగి అనుభవం మూడవ దారిని చూపింది. 1990ల చివరి నుంచి అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ తీరగ్రామాల ప్రజలతో కమిటీలు ఏర్పరచి అడవి పునరుద్ధరణ చేపట్టాయి. వారు మొదట మొక్కలు నాటలేదు. చేప వెన్నుముల్లు ఆకారంలో, ఒక పెద్ద కాలువకు ఇరువైపులా చిన్న కాలువలు తవ్వారు. పోటు నీరు లోపలికి వచ్చి, ఆటుతో తిరిగి వెళ్లి, పేరుకున్న ఉప్పును కడిగివేసింది. ఆ తరువాతనే మొక్కలు నాటారు, అవి నిలిచాయి. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్న మాకు ఈ క్రమం ఎంతో నచ్చింది. నీటికి దారి చేయకుండా నాటిన మొక్క ఎంత మంచిదైనా ఎండిపోతుంది.

చూడదలచిన కుటుంబాలకు కొన్ని సూచనలు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఎండ తక్కువ, పక్షులు ఎక్కువ. అయితే తుఫాను హెచ్చరిక ఉన్న రోజులలో ప్రయాణం తలపెట్టవద్దు. బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు విచారించండి. బురదలోని ప్రాణులను చూడాలంటే ఆటు సమయం మంచిది, పడవ సాగాలంటే పాయలో నీరు ఉండాలి. ఉదయం తొందరగా చేరితే ఎండకు ముందే నడక ముగించి, జుహర్ వేళకు నెమ్మదిగా తిరిగి రావచ్చు. చెక్కబాట మీద పరుగులు, కేకలు వద్దు. అక్కడ మనము అతిథులము, ఇల్లు వాటిది. బిర్యానీ పొట్లాల కాగితాలు, నీళ్ల సీసాలు, పిల్లల చిరుతిండి సంచులు ఏవీ అక్కడ విడవకండి. ఇంటినుంచి ఒక ఖాళీ సంచి తీసుకువెళ్లి, మన చెత్తను అందులోనే తిరిగి తెచ్చుకోవాలి. కోతులకూ పక్షులకూ తిండి వేయడం దయ అనిపించినా వాటికి అది మేలు చేయదు. మడ మొలకలను జ్ఞాపికలుగా పీకి తేవద్దు.

పిల్లలకు నీటిపిల్లి కథతో పాటు 1839 కథ కూడా చెప్పండి. కోరంగి వరకు రాలేనివారు తమ ఊరి చెరువుగట్టును, వాగు ఒడ్డును, ఎవరూ పట్టించుకోని తుమ్మల తోపును ఈ దృష్టితో ఒకసారి చూడండి. అది పనికిరాని స్థలమని, పూడ్చి ఇళ్లస్థలాలు చేద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే, వాన వచ్చిన రోజున ఆ నీరు ఎటు పోతుందని అడగండి. ఆ మాట మసీదు కమిటీలో అడిగినా, గ్రామసభలో అడిగినా, ఇంట్లో అన్నదమ్ముల మధ్య అడిగినా విలువైనదే. మడ చెట్టు కాయ ఇవ్వలేదని నరికిన తీరాలకు తాము కోల్పోయినదేమిటో నవంబరులోనే తెలిసింది. అట్లు తెలుసుకోవలసిన అవసరం మన పిల్లలకు రాకుండా అల్లాహ్ కాపాడుగాక. ఆయన అప్పగించిన అమానత్‌ను కాపాడే తెలివిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.